గోల్డ్ నానోరాడ్ల మీద ప్రాజెక్టు: వైజాగ్‌లో ఎవరైనా సాయం చేయగలరా?

నమస్కారం అండీ. మద్దిలపాలెంలో ఉంటాను, ఎమ్మెస్సీ ఫిజిక్స్ చివరి ఏడాది. గోల్డ్ నానోరాడ్లు, అంటే కంటికి కనిపించనంత చిన్న బంగారు కడ్డీల మీద ప్రాజెక్టు చేస్తున్నాను. సీటీ స్కాన్‌కి ఎక్కించే మందులో ఉండే అయోడిన్ పరమాణు సంఖ్య 53, బంగారానిది 79. అందుకే బంగారం ఎక్స్‌రేలను బాగా ఆపుతుంది. తగిన పొడవు వెడల్పుల్లో చేసిన రాడ్ల మీద 808 నానోమీటర్ల లేజర్ వేస్తే వేడెక్కుతాయి కూడా. కణితిని చూడటానికీ, కాల్చడానికీ ఒకే పదార్థం! మా పెద్దమ్మ క్యాన్సర్‌తో పోయినప్పటి నుంచి ఈ ఆలోచన నన్ను వదలడం లేదు.

ఇబ్బంది సీటాబ్‌తో, అంటే రాడ్లు తయారుచేసేటప్పుడు వాడే సబ్బులాంటి రసాయనంతో. రాత్రి ఏసీ గదిలో పెడితే పొద్దున్నకి ట్యూబు అడుగున తెల్లటి సూదుల్లా పేరుకుంటోంది, గుప్పిట్లో కాసేపు పట్టుకుంటే కరిగిపోతోంది. అది మిగిలితే శరీర కణాలకు విషం, గట్టిగా కడిగితే రాడ్లు ముద్దకడుతున్నాయి. రాడ్లు ముద్దకట్టకుండా వాటికి పూతలా పట్టే థయోల్ పెగ్‌ను మొదటి కడుగు తర్వాత కలపాలా, రెండోదాని తర్వాతా? చేసినవాళ్లు చెప్పండి, ప్లీజ్.

ఇంకొకటి. ఐదారు ట్యూబులను 80, 120 కేవీల (స్కానర్ వోల్టేజీ) దగ్గర సీటీ స్కాన్ చేసి, ఎక్స్‌రేలను ఎంత ఆపుతున్నాయో నీళ్లను సున్నాగా తీసుకుని చెప్పే హౌన్స్‌ఫీల్డ్ విలువలు చూడాలి. ఒక సెంటర్‌లో అడిగితే పేషెంట్లకు మాత్రమే అన్నారు. రేడియాలజీ టెక్నీషియన్లు ఎవరైనా ఉంటే, ఎవరిని ఎలా అడగాలో చెప్పండి. అర్ధరాత్రి రమ్మన్నా వస్తాను.