ఉప్పు పర్రల్లో ఏడాది పని: ఎప్పుడు వెళ్లాలి, ఏం చూడాలి?

గోదారి మొగ

అందరికీ నమస్కారం. వచ్చే నెల నుంచి గోదావరి మొగ దగ్గర ఉప్పు పర్రల్లో పని మొదలుపెడుతున్నాను. మడ అడవి ఆగిపోయే చోటుకూ ఊరి గట్టుకూ నడుమ ఉండే నేల ఇది. ఇలకూర, వంగరెడ్డి కూర, సాలికోర్నియా లాంటి ఉప్పుకు ఓర్చుకునే చిన్న మొక్కలు తప్ప మరేమీ పెద్దగా మొలవదు. ఏడాదికి నాలుగు విడతలు వెళ్లి మొక్కల విస్తీర్ణం, మట్టిలో ఉప్పు, పోటు నీరు చేరే ఎత్తు నమోదు చేయాలి. ఆ లెక్కలను బట్టి దెబ్బతిన్న చోట్లను రెండో ఏడాది బాగుచేయాలని ఆలోచన. అభయారణ్యం హద్దులో పడే భాగానికి అటవీశాఖ అనుమతి వచ్చింది.

పద్ధతులు చదువుకున్నాను. ఆ బురదలో నిలబడి పనిచేసిన వారి అనుభవం కావాలి. తొలి విడత అక్టోబరులో పెట్టుకోవడం సరైనదేనా?

నాగాయలంక నావ

అక్టోబరులో తప్పకుండా వెళ్లండి. కానీ అక్టోబరు నీటిని చూసి ఏ నిర్ణయమూ తీసుకోకండి. నేను కృష్ణా మొగ దగ్గర పదకొండేళ్లుగా తిరుగుతున్నాను. అన్నిటికంటే ఖరీదైన పాఠం నాకు అక్కడే దొరికింది.

బంగాళాఖాతం మట్టం ఏడాది పొడవునా ఒకేలా ఉండదు. మన తీరంలో ఫిబ్రవరి, మార్చిలో బాగా దిగిపోయి అక్టోబరు, నవంబరులో అన్నిటికంటే ఎత్తుకు చేరుతుంది. తేడా అడుగుకు పైనే. కార్తిక పౌర్ణమికి గట్టు పాదం దాకా వచ్చిన నీరు ఫాల్గుణ పౌర్ణమికి పర్ర అంచును కూడా తడపదు. రెండూ పౌర్ణమి పోట్లే.

మేము తొలి ఏడాది అక్టోబరులో నీరు ఎక్కడిదాకా వచ్చిందో కర్రలు పాతి గుర్తు పెట్టుకున్నాం. ఆ గీత లోపలంతా మడ మొక్కలు నాటాం. జనవరి వరకు పచ్చగా ఉన్నాయి, ఫోటోలు కూడా తీసుకున్నాం. మే నెలలో వెళ్లేసరికి ఎండుపుల్లలు మిగిలాయి. మొక్క మొదట్లో వేలితో గీస్తే ఉప్పు పెంకు అప్పడంలా విరిగింది. జానెడు లోతు గుంట తవ్వి, ఊరిన నీటిని ఉప్పు కొలిచే రిఫ్రాక్టోమీటరు అద్దం మీద ఒక చుక్క వేసి చూస్తే లీటరుకు 80 గ్రాముల ఉప్పు చూపించింది. సముద్రపు నీటిలోనే 35 గ్రాములు ఉంటుంది. మడ ఎంత ఉప్పుకైనా ఓర్చుకుంటుందని అంటారు గానీ లేత మొక్కకు అంత ఓపిక ఎక్కడిది?

అందుకే నా మాట: ఎత్తుల కొలత అక్టోబరులో ఒకసారి, మార్చిలో ఒకసారి. ఆ రెండు గీతల మధ్య ఉన్న నేలే అసలు పర్ర. దాన్ని అర్థం చేసుకోకుండా పార పట్టుకోవద్దు.

ఉల్లంకి

జనవరి విడతను దయచేసి తప్పించకండి. నీటిపక్షుల గణనకు మేము ప్రతి జనవరి కోరంగి వైపు వెళ్తాం. పాటు (నీరు వెనక్కి తీసే) సమయంలో బురద మేటల మీద మేసే ఉల్లంకులు, పోటు ఎక్కగానే నిలబడటానికి మీరు చెప్పే ఈ పర్రల మీదికే వస్తాయి. సైబీరియా నుంచి ఎగిరి వచ్చిన పక్షికి రెండు మూడు గంటలు ఒంటికాలి మీద నిలబడి కునుకు తీసే చోటు అది. మొక్కల లెక్కతో పాటు పక్షులు నిలబడిన చోట్లను కూడా పటంలో గుర్తించండి. రేపు ఎవరైనా అక్కడ చెట్లు నాటాలని వస్తే మీ చేతిలో ఆధారం ఉంటుంది.

మడనీడ

బాగుచేసే పని గురించి నాకు తెలిసింది రాస్తాను. కాస్త పొడవవుతుంది.

ముందు ఆ నేల ఎందుకు చెడిందో కనుక్కోవాలి. మన తూర్పు తీరంలో చాలాచోట్ల కథ ఒకటే. ఒకప్పుడు మడను విడతలు విడతలుగా మొదలంటా నరికారు. చెట్టు నీడ పోయాక నేలకు ఎండ తగిలింది, బురదలో తడి ఆరింది, నేల కుంగి పళ్లెంలా గుంట పడింది. పోటుకు వచ్చిన నీరు ఆ పళ్లెంలో నిలిచిపోయి, బయటికి దారి లేక ఎండకు ఆవిరై, ఉప్పు మిగులుతుంది. మళ్లీ పోటు, మళ్లీ ఉప్పు. ఇక అక్కడ విత్తనం పడినా నిలవదు.

ఎం.ఎస్. స్వామినాథన్ పరిశోధన సంస్థ వారు తమిళనాడులోనూ మన కృష్ణా, గోదావరి తీరాల్లోనూ అటవీశాఖలతో, ఊరివాళ్లతో కలిసి చేసింది ఈ పళ్లేనికి దారి తీయడమే. ఉప్పుటేరు నుంచి ఒక పెద్ద కాలువ, దానికి అటూ ఇటూ ఏటవాలుగా పిల్ల కాలువలు. పైనుంచి చూస్తే చేప ముల్లులా ఉంటుంది. పోటుకు నీరు వస్తుంది, పాటుకు వెళ్లిపోతుంది, వెళ్తూ వెళ్తూ ఉప్పును కడిగేస్తుంది. మొక్కలు నాటేది కాలువ అడుగునా కాదు, గట్టు నెత్తినా కాదు, వాలు మధ్యలో.

తవ్వకం ఎండాకాలంలోనే పెట్టుకోండి. సముద్రం దిగి ఉంటుంది, కాలు నిలుస్తుంది. తొలకరి నుంచి వానలు ఉప్పును కడుగుతాయి. వానాకాలం చివర మడ గింజలు రాలే వేళకు నేల సిద్ధమవుతుంది.

మేము పనిచేసిన ఒక చోట తవ్వకం బయటివాళ్లకు అప్పగించారు. వాళ్లు తీసిన మట్టినంతా కాలువ అంచునే పోశారు. రెండేళ్లలో అది గట్టయింది, దాని మీద సర్కారు తుమ్మ లేచింది. కాలువలో నీరు పారుతూనే ఉంది, పక్కన పర్ర మాత్రం ఎండిపోయింది. నీటిని తీసుకురావడానికి తవ్విన కాలువే నీటిని అడ్డుకుంది. తీసిన మట్టిని తట్టలతో దూరంగా మోయించి పలుచగా పరిపించండి. ఆ కూలి డబ్బు మొదటే అంచనాలో రాసుకోండి, తర్వాత ఎవరూ ఇవ్వరు.

ఇంకొకటి. కాలువలు పూడిపోతాయి. ఏటా ఎండాకాలంలో పూడిక తీయించే బాధ్యత ఎవరిదో ముందే తేల్చుకోండి.

గోదారి మొగ

నాగాయలంక నావ గారూ, మడనీడ గారూ, చేతులెత్తి నమస్కరిస్తున్నాను. మార్చి విడతను నేను ఏప్రిల్ చివరికి జరిపి పెట్టుకున్నాను, ఇప్పుడే మార్చుకుంటున్నాను. పాత రొయ్యల చెరువులు కూడా రెండు ఉన్నాయి, ఎవరూ వాడటం లేదు. గట్లు తెంచితే చాలా?

ఆటుపోట్ల వేళలు ఫోనులో చూసుకుంటున్నాను కానీ, లోపలి ఏళ్లలో అవి సరిపోవడం లేదు.

పల్లెపాలెం

మాది వేట కుటుంబం, వేళల గురించి నేను చెబుతాను. ఫోనులో చూపించేది రేవు దగ్గరి వేళ. ఏరు వంకర్లు తిరుగుతూ లోపలికి వెళ్లేకొద్దీ పోటు ఆలస్యంగా అందుతుంది. మీ చోటుకు ఎంత ఆలస్యమో రెండు రోజులు కర్ర పాతి కూర్చుని చూస్తే తెలిసిపోతుంది. ఆ తర్వాత పంచాంగం చాలు. పోటు రోజుకు సుమారు రెండు ఘడియలు, అంటే 48 నిమిషాలు, వెనక్కి జరుగుతుంది. అమావాస్యకూ పౌర్ణమికీ పెద్ద నీరు, అష్టమికి సద్దు నీరు, అంటే చిన్న పోటు. మా నాన్నగారు తిథి అడిగి, పడవ ఎప్పుడు తేలుతుందో చెప్పేవారు.

పర్ర మీద కొలతలకు అష్టమి రోజులు మంచివి. నీరు చేరే ఎత్తు చూడాలంటే పౌర్ణమి వెళ్లిన మర్నాడో మూడో రోజో వెళ్లండి.

కొలతల కోసం పైపులో కర్రలో పాతే ముందు ఊరి పెద్దలతో మాట్లాడండి. ఒకసారి ఎవరో వచ్చి ప్లాస్టిక్ పైపులు పాతి వెళ్లారు, ఎందుకో మాకు చెప్పలేదు. వల కట్టుకోవడానికి గుంజలు కావలసినవాళ్లు తీసుకెళ్లారు. చెప్పి ఉంటే మేమే కాపలా ఉండేవాళ్లం.

మడనీడ

చెరువుల గురించి: గట్టు ఎక్కడ పడితే అక్కడ తెంచితే చాలదు. 1990ల రొయ్యల జోరుకు ముందు అక్కడ ఏరు ఎటు పారేదో ఊళ్లో పెద్దవాళ్లను అడగండి, పాత ఉపగ్రహ చిత్రాలతో సరిచూడండి. గండి ఆ దారిలోనే కొట్టాలి. చెరువు అడుగు బయటి పర్ర కంటే పల్లంగా ఉంటే నీరు లోపలే నిలుస్తుంది, మళ్లీ పళ్లెం కథే. అన్నిటికంటే ముందు భూమి ఎవరి పేరున ఉందో కాగితం చూడండి.

మిసిసిపి తీరం

నేను లూసియానాలో ఉప్పు చిత్తడుల మీద పరిశోధన చేస్తున్నాను. సొంతూరు అమలాపురం పక్కన. ఇక్కడ 1932 నుంచి 2016 దాకా దాదాపు 4,800 చదరపు కిలోమీటర్ల తీరభూమి నీటిపాలైంది. మిసిసిపి నదిని కరకట్టలతో బిగించారు, ఒండ్రు చిత్తడికి అందకుండా పోయింది, నేల కుంగుతోంది. మన గోదావరికీ కృష్ణకూ పైన ఎన్ని ఆనకట్టలు ఉన్నాయో తలచుకుంటే నాకు భయం వేస్తుంది.

అందుకే మేము ఇక్కడ మొక్కలను లెక్కపెట్టడంతో ఆగం, నేల ఎదుగుతోందా కుంగుతోందా అని చూస్తాం. లోతుగా దిగగొట్టిన ఇనుప కడ్డీ మీద ఒక చేయి లాంటి పరికరం బిగించి, దాని నుంచి తొమ్మిది సన్నని పుల్లలు నేలను తాకేలా దించి ఎత్తు కొలుస్తాం. మిల్లీమీటర్లలో తేడా తెలుస్తుంది. అంత పరికరం లేకపోయినా తెల్లని ఫెల్డ్‌స్పార్ అనే రాతి పొడి ఒక చదరంలో పరచి గుర్తు పెట్టుకోండి. ఆరు నెలల తర్వాత కత్తితో ముక్క కోసి చూస్తే బురదలో తెల్ల గీత కనిపిస్తుంది, దాని మీద ఎంత ఒండ్రు చేరిందో స్కేలుతో కొలవవచ్చు. ఖర్చు తక్కువ. మొదటి విడతలోనే వేసేయండి, ఆలస్యమైన ప్రతి విడతకూ సుమారు మూడు నెలల లెక్క పోతుంది.

పచ్చగీత

నేను ఈ పనులకు నిధులు పంపే వైపు ఉన్నాను. ఒక మాట చెబితే కోపం తెచ్చుకోవద్దు. 2023లో మడ పెంపకానికి కేంద్రం ప్రకటించిన మిష్టి పథకం వచ్చాక మడ పెంపకం మీద దృష్టి పెరిగింది, అది మంచిదే. కానీ పైకి పంపే పత్రంలో ఎన్ని హెక్టార్లలో, ఎన్ని మొక్కలు, ఎన్ని బతికాయి అనే గడులే ఉంటాయి. ఇలకూర పర్ర ఇలకూర పర్రగానే నిలిచిందని రాసే గడి లేదు. ఖాళీగా ఉన్న చోట నాటవచ్చు కదా అని అడిగితే కింది ఉద్యోగి ఏం చెప్పాలి?

ఉల్లంకి

ఖాళీ కాదని చెప్పాలండి. తీరప్రాంత నియంత్రణ నోటిఫికేషన్‌లో మడ అడవులతో పాటు ఉప్పు చిత్తడులను, బురద మేటలను కూడా మొదటి శ్రేణిలోనే చేర్చారు. చట్టం దృష్టిలో అవి మూడూ ఒకే శ్రేణి. బురద మేట మీద మడ నాటితే బతికినా నష్టమే, పక్షుల మేత పోతుంది. మేము ఏటా చూసే ఒక మేట మీద కర్రలు పాతి మొక్కలు వేశారు. మొక్కలు బతకలేదు. కర్రలు ఉన్నన్నాళ్లూ పక్షులు దిగలేదు.

నాగాయలంక నావ

పచ్చగీత గారు చెప్పింది నిజం. ఆ పత్రంలో గడి లేకపోతే మనమే అదనపు కాగితం జతచేద్దాం. మేము మూడేళ్లుగా మీటరు చట్రం వేసి ఇలకూర ఎంత మేర కప్పిందో, పీత బొరియలు ఎన్నో రాసి పంపుతున్నాం. బొరియల లెక్క చిన్నదిగా తీసుకోకండి. ఒక డెక్క పెద్దదిగా ఉండే చిన్న పీతలు తవ్విన బొరియల గుండానే ఆ గట్టి నేలలోకి గాలీ నీరూ దిగుతాయి. కాలువ తీసిన చోట మొక్కల కంటే ముందు తిరిగి వచ్చింది పీతలే.

పల్లెపాలెం

మా అమ్మమ్మ ఇలకూర తెచ్చి రెండు నీళ్లు వార్చి, పప్పులో వేసేది. ఉప్పు వేసే పని ఉండేది కాదు. ఎండలు ముదిరాక ఆకు ఎర్రబడితే కోసేది కాదు. పర్రలో ఏ మూల ముందుగా ఎర్రబడుతుందో ఆమెకు తెలుసు. గోదారి మొగ గారూ, ఊళ్లో ఆడవాళ్లను అడగండి, మీ ఉప్పు లెక్కలకు పనికివస్తుంది.

గోదారి మొగ

తొలి విడత ముగించుకుని వచ్చాను, రాస్తానన్నాను కాబట్టి రాస్తున్నాను. పౌర్ణమి వెళ్లిన మర్నాడు గట్టు పాదం దగ్గర నీరు చీలమండ లోతు ఉంది. నావ గారు చెప్పకపోతే ఆ గీతనే నమ్మేవాడిని. లోపలి ఏట్లో పోటు రేవు కంటే గంటా పది నిమిషాలు ఆలస్యం. తెల్ల పొడి ఆరు చదరాల్లో పరిచాను. చట్రాలు ఇరవై నాలుగు వేశాను. బొరియలు లెక్కపెట్టడానికి మోకాళ్ల మీద కూర్చోవలసి వచ్చింది. కదలకుండా ఉంటే ఐదు నిమిషాలకు పీతలు ఒక్కొక్కటే బయటికి వచ్చాయి. కాన్వాసు బూట్లు బాగానే పనిచేశాయి, మడ శ్వాస వేళ్లు గుచ్చుకోలేదు.

ఊళ్లో ఒక పెద్దావిడ నాతో పర్రలోకి వచ్చారు. పాత చెరువు గట్టుకు ఉత్తరం వైపున ఒక మూల చూపించి, "ఇక్కడ కూర మాఘంలోనే ఎర్రబడుతుంది బాబూ, చెరువు తవ్వక ముందు ఇలా ఉండేది కాదు" అన్నారు. అక్కడ గుంట తవ్వి చూస్తే ఈ నెలలోనే 52 గ్రాములు. పది అడుగుల అవతల 31. గట్టు కింద పాత ఏటి దారి పూడిపోయి ఉందని అనుమానం. మార్చి విడతకు ఆ గట్టు పొడవునా ప్రతి ఐదు మీటర్లకూ ఒక గుంట తవ్వాలనుకుంటున్నాను. మడనీడ గారూ, ఐదు మీటర్లు సరిపోతాయా, ఇంకా దగ్గరగా తవ్వాలా?