ట్రామా-ఇన్ఫార్మ్డ్ కేర్ పీజీ కోర్సు: బెంగళూరులో చేసినవాళ్లు చెప్పండి

సింధు_మారతహళ్ళి:
ఎమ్మెస్‌డబ్ల్యూ అయింది. వలస కూలీల పిల్లలతో పనిచేసే సంస్థలో ఉన్నాను. ట్రామా-ఇన్ఫార్మ్డ్ కేర్‌లో, అంటే మనసుకు గాయమైనవాళ్లని ఇంకా గాయపడకుండా చూసుకునే పద్ధతిలో, డిప్లొమా గానీ సర్టిఫికెట్ గానీ చేద్దామని ఉంది. ఆన్‌లైన్ సరిపోతుందా? ఫీజు ఎంతవరకు పెట్టొచ్చు? ఉద్యోగం చేస్తూ కుదురుతుందా?

రాధిక_జయనగర్:
సింధూ, సిలబస్ తర్వాత చూడు. సూపర్‌విజన్ (మన కేసులు విని దారి చూపడం) ఎవరిస్తారు, ఎన్నాళ్లకోసారి, ఒక్కరికా గుంపుకా అని ముందు అడుగు. నేను చదివిన చోట బ్రోషర్‌లో వారం వారం అని వేశారు. దొరికింది నెలకోసారి, బ్యాచ్ మొత్తాన్నీ కూర్చోబెట్టి వీడియో కాల్‌లో. ఒకమ్మాయి తన కేసు చెబుతూ ఏడ్చేసింది. ఆమె మైక్ మ్యూట్ చేసి తర్వాతి పేరు పిలిచారు! పక్కవాళ్ల గాయాలు రోజూ వినేవాళ్లకి ఆ బరువు దించుకునే చోటు లేకపోతే ఈ పనిలో నిలబడలేరు. నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

ప్రవీణ్_బనశంకరి:
ఇక్కడ చాలామందికి బేసిక్సే కలగాపులగంగా ఉన్నాయి. ట్రామా-ఇన్ఫార్మ్డ్ వేరు, ట్రామా థెరపీ వేరు. అమెరికా ప్రభుత్వ మానసిక ఆరోగ్య సంస్థ శామ్‌సా 2014లో చెప్పిన ఆరు సూత్రాలు వాచ్‌మన్ నుంచి డాక్టర్ దాకా అందరికీ. ఈఎండీఆర్ (కళ్లు కదిలిస్తూ చేసే ట్రామా థెరపీ) లాంటివి శిక్షణ పొందిన థెరపిస్టులకే. నేను ఎన్నో బ్యాచ్‌లకి ట్రైనింగ్ ఇచ్చాను. ఇన్‌టేక్ రోజే, అంటే క్లయింట్ మొదటిసారి వచ్చిన రోజే, ఏసీఈ (చిన్నప్పటి చేదు అనుభవాల) ప్రశ్నలు పదీ అడిగేసి స్కోర్ వేయడం నేర్పిస్తాను. ఆ తర్వాత పని సాఫీగా సాగుతుంది.

లక్ష్మి_స్టాఫ్‌నర్స్:
మొదటి రోజే పది ప్రశ్నలా సార్? ఆ సర్వే అమెరికాలో పెద్దవాళ్ల మీద చేసింది, 1998లో వచ్చింది. ఒక్కో మనిషికి మార్కులు వేయడానికి ఆ స్కోర్ పనికిరాదని, అది చేసినవాళ్లలో ఒకరైన రాబర్ట్ ఆండానే 2020లో రాశారు. ముక్కూమొహం తెలియని మనిషి ముందు, తల్లి పక్కనే కూర్చుని ఉండగా, పిల్ల ఏం చెబుతుంది?

ప్రవీణ్_బనశంకరి:
నర్సింగ్ వేరు, కౌన్సెలింగ్ వేరు అమ్మా. మీకు తెలిసిన పని మీరు చూసుకోండి.

లక్ష్మి_స్టాఫ్‌నర్స్:
నా పని గురించే చెబుతాను. క్యాజువాలిటీలో దెబ్బలతో వచ్చిన మనిషికి బీపీ పట్టీ కట్టే ముందు "ఏ చేతికి కట్టమంటావమ్మా?" అని అడుగుతాను. కర్టెన్ పూర్తిగా వేయను, తలుపు కనబడేలా కొంచెం వదులుతాను. కొందరికి అప్పుడే ఊపిరి ఆడుతుంది. ఏ పీజీ క్లాసులోనైనా మొదట నేర్పాల్సింది ఇదే. ఇది నర్సుల పని, ఇది కౌన్సెలర్ల పని అని గిరి గీయడం నేను ఒప్పుకోను.

వకీల్_విజయ:
ప్రవీణ్ గారూ, ఆ పదిలో లైంగిక వేధింపుల ప్రశ్న కూడా ఉంది. పాప అవునంటే ఏం చేస్తారు?

ప్రవీణ్_బనశంకరి:
రిపోర్ట్ చేయాలా వద్దా అన్నది క్లయింట్ ఇష్టం. ఛాయిస్ ఇవ్వడం కూడా ఆ ఆరు సూత్రాల్లోదే కదా.

వకీల్_విజయ:
పిల్లల విషయంలో కాదు! పోక్సో చట్టం, 2012, సెక్షన్ 19: నేరం సంగతి తెలిసినవాళ్లు ఎవరైనా సరే పోలీసులకు చెప్పి తీరాలి. చెప్పకపోతే సెక్షన్ 21 కింద ఆరు నెలల దాకా జైలు, లేదా జరిమానా, లేదా రెండూ. మీ బ్యాచ్‌లకి ఇలాగే నేర్పి ఉంటే వాళ్లందరికీ ఫోన్ చేసి చెప్పండి, దయచేసి. పాపకి ఛాయిస్ ఇవ్వాల్సిన చోటు వేరే ఉంది. వాంగ్మూలం ఇంట్లోనా, తనకు నచ్చిన ఇంకోచోటా అన్నది సెక్షన్ 24 ప్రకారం పాప ఇష్టం. వచ్చే పోలీసు యూనిఫాంలో ఉండకూడదు. "కొన్ని విషయాలు నా దగ్గరే దాచలేను" అని పాప నోరు విప్పకముందే చెప్పాలి, చెప్పాక కాదు.

ప్రవీణ్_బనశంకరి:
చట్టం పుస్తకంలో ఉంటుంది, స్టేషన్‌లో జరిగేది వేరు. రిపోర్ట్ అయ్యాక ఆ పిల్లని ఇంట్లోవాళ్లే వెలేసిన కేసులు చూశాను. ఇక్కడ వాదించి లాభం లేదు.

రాధిక_జయనగర్:
అలాంటివి నేనూ చూశాను సార్. అందుకే రిపోర్ట్ తర్వాత కూడా మనం పక్కన ఉండాలి. రిపోర్టే మానేయడం దానికి జవాబు కాదు.

కడప_కిరణ్:
భాష సంగతి ఎవరూ ఎత్తరేం? మా సైట్‌లో పాలమూరు, అనంతపురం కూలీలు ఉన్నారు. సంస్థవాళ్లు వచ్చి ఇంగ్లీషులో ఫారాలు నింపుతారు. మేస్త్రీ అనువాదం చేస్తాడు. ఆడకూతురు మేస్త్రీ ముందు మేస్త్రీ గురించే ఎట్లా చెప్తుంది? నేను వాళ్లకి టెలీ మానస్ (ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్) 14416 నంబర్ రాసిచ్చా, తెలుగులో మాట్లాడొచ్చు.

సింధు_మారతహళ్ళి:
కిరణ్ అన్నా, మా దగ్గరా ఇదే బాధ. అయితే ఉద్యోగం సంగతి ఎవరూ చెప్పలేదు.

మధు_ఎంఫిల్:
ఇక్కడి మానసిక ఆరోగ్య సంస్థ నిమ్హాన్స్‌లో సైకియాట్రిక్ సోషల్ వర్క్ ఎంఫిల్ రెండేళ్లు, పూర్తికాలం. ఉద్యోగం వదలాల్సిందే. యూజీసీ ఎంఫిల్‌లు ఎత్తేసి, ఈ కోర్సుకీ క్లినికల్ సైకాలజీకీ మాత్రం 2024లో గడువు 2025-26 దాకా పొడిగించింది కాబట్టి తాజా నోటిఫికేషన్ చూసుకోకుండా అడుగు వేయకు. ఉద్యోగంతో పాటు అంటే వారాంతపు డిప్లొమానే, అదీ ప్లేస్‌మెంట్ (ఫీల్డ్‌లో చేసే ప్రాక్టీస్) నువ్వు పనిచేసే చోటే చేయనిస్తేనే.

రాధిక_జయనగర్:
ఫీజు మొత్తం ఒకేసారి కట్టకు సింధూ. విడతలకి ఒప్పుకోకపోతే వదిలెయ్. చేరేముందు పాత విద్యార్థులు ఇద్దరి నంబర్లు అడుగు. ఇవ్వనంటే అక్కడ అడుగు పెట్టొద్దు.