నాయనకు సీఎల్ఎల్ (ఒక రకం రక్తక్యాన్సర్), ఇప్పుడు ఎడమ చెయ్యి పట్టు తప్పుతోంది

ప్రశ్న (తాడిపత్రి):
మా నాయనకు 68 ఏళ్లు. సీఎల్ఎల్ బయటపడి తొమ్మిదేళ్లయింది. పోయిన ఏడాది బెండముస్టిన్, రిటుక్సిమాబ్ అనే క్యాన్సర్ మందులు రెండోసారి ఎక్కించారు. మూడు వారాలుగా ఎడమ చేతిలో చెంబు నిలవడం లేదు. కంచంలో ఎడమ పక్కనున్న సంగటి అట్లే వదిలేసి, ఇంకొంచెం పెట్టమంటున్నాడు. నిన్న శెనక్కాయ మూటలు లెక్కపెట్టమంటే ఇరవై దాటలేకపోయాడు. ఊర్లో లెక్కలన్నీ చూసిన మనిషి. జ్వరం లేదు. ఇక్కడ చూపిస్తే వయసు మీద పడిందన్నారు. నాకు మనసొప్పలేదు. ఈ జబ్బు మెదడుకు పాకుతుందా?

జవాబు (కర్నూలు, క్యాన్సర్ వార్డు నర్సును):
తమ్ముడూ, మూడు వారాల్లో వచ్చేది వయసు కాదు. ఈరోజే పెద్దాసుపత్రికి తీసుకుపో. ఎక్కడైనా పడ్డాడా? ప్లేట్‌లెట్లు తక్కువుంటే చిన్న దెబ్బకే మెదడులో రక్తం కారుతుంది, అది ముందు సీటీలో చూడాలి. తర్వాత కాంట్రాస్ట్ మందు ఎక్కించి ఎమ్మారై.

సీఎల్ఎల్ కణాలు మెదడుకు చేరడం ఉంది గానీ అరుదు. నా భయం ఇన్‌ఫెక్షన్ గురించి. జబ్బూ మందులూ కలిసి ఒంట్లో కాపలా లేకుండా చేస్తాయి. జేసీ వైరస్ చాలామందిలో ఊరికే పడి ఉంటుంది. కాపలా తగ్గితే లేచి మెదడులోని తెల్లపదార్థాన్ని తినేస్తుంది. దాన్ని పీఎంఎల్ అంటారు. కంచంలో సగం వదిలేస్తున్నాడంటే ఆయన మెదడు ఆ పక్కను గమనించడం లేదన్నమాట. అది చదవగానే నాకు పీఎంఎల్లే తట్టింది. దానికి నేరుగా మందు లేదు. అందుకే మళ్లీ ఏ కీమో ఎక్కించే ముందైనా అది తేలాలి. రిటుక్సిమాబ్ కూడా కాపలా తగ్గించే మందే, దాని సంగతి డాక్టర్లు అడగకపోయినా చెప్పు. వెన్నునీటిలో జేసీ వైరస్‌తో పాటు క్రిప్టోకాకస్ అనే ఫంగస్, టీబీ కూడా చూడమను.

జవాబు (ప్రొద్దుటూరు):
అన్నా, మా అమ్మది సీఎంఎల్, వేరే రకం రక్తక్యాన్సర్. జబ్బు ముదిరిన దశలో (బ్లాస్ట్ క్రైసిస్ అంటారు) ఒకటికి రెండు కనబడేవి, మూతి వంకర పోయింది. వెన్నునీటిలో లుకేమియా కణాలు దొరికాయి. అప్పటిదాకా వాడిన ఇమాటినిబ్ మందు మెదడులోకి సరిగా చేరదన్నారు. డాసాటినిబ్‌కు మార్చి, నడుములోనే మెథోట్రెక్సేట్ అనే కీమో మందు సూదులు వేశారు. చూపు సర్దుకుంది. ఏడు నెలలు మాతో ఉంది.
నడుములో సూది వేస్తే కాళ్లు పడిపోతాయని మావాళ్లు అడ్డుపడ్డారు. ఆ భయంతోనే పది రోజులు పోగొట్టుకున్నాం. తీరా వేశాక రెండ్రోజులు తలనొప్పి, అంతే. మీరు ఆలస్యం చేయొద్దు.

ప్రశ్న అడిగినాయన:
అక్కా, సీటీలో రక్తం లేదు. ప్లేట్‌లెట్లు 62 వేలు. రేపు ఎమ్మారై, ఆ తర్వాత వెన్నునీరు తీస్తారు. జేసీ వైరస్ పరీక్ష అడిగి రాయించాను. అంతవరకు కంచం నేనే తిప్పి పెడుతున్నా. తిప్పితే మిగిలింది కూడా తింటున్నాడు.