క్లౌడ్‌లో వాట్ల లెక్క మనకెందుకు? బిల్లు చూసుకుంటే చాలదా?

రాత్రిడ్యూటీ:
మా టీములో వారం నుంచి ఇదే గొడవ. మన మెషిన్లు ఎంత కరెంటు తాగుతున్నాయో చూడ్డానికి మా కుబర్నెటీస్ క్లస్టర్‌లో (అప్లికేషన్లని నడిపే మెషిన్ల గుంపు) కెప్లర్ అనే కొలిచే టూల్ పెడదామని ఒకాయన పట్టుబట్టాడు. నేను వద్దన్నాను. క్లౌడ్‌లో మనది అద్దె కొంప, మీటరేమో ఓనరు గదిలో ఉంది. ప్రాసెసర్ తన వాడకం చెప్పే రాపెల్ రీడింగులు వర్చువల్ మెషిన్ (అసలు సర్వర్‌లో మనకి అద్దెకిచ్చే వాటా) లోపలికి మామూలుగా రావు. పైగా 2020లో ప్లాటిపస్ దాడి బయటపడింది. ఆ రీడింగుల్ని బట్టి రహస్య కీలు లాగొచ్చని తేలాక, లినక్స్ వాటిని రూట్‌కి, అంటే సర్వాధికారాలున్న యూజర్‌కి తప్ప చూపించడం మానేసింది. ఇక కెప్లర్ మనకిచ్చేది సీపీయూ వాడకాన్ని బట్టి వేసిన అంచనా. సీపీయూ గ్రాఫు ఎలాగూ ఉందిగా! బిల్లు తగ్గిస్తే కరెంటూ తగ్గుతుంది. కాదనేవాళ్లున్నారా?

గోదారిగట్టు:
నేనున్నాను. మొన్న సంక్రాంతికి మేం 38 టెస్టింగ్ మెషిన్లు వదిలేసి ఊళ్లకి పోయాం. వచ్చి చూస్తే సీపీయూ 3 శాతం దగ్గర స్కేలు పెట్టి గీసినట్టుంది. రోజూ తెల్లవారుజామున నాలుగింటికి ఒక్క స్పైక్, అది బ్యాకప్. దేన్ని బ్యాకప్ చేస్తోందో దేవుడికెరుక. ఆపేద్దామంటే మేనేజరు, "మూడేళ్లకి ముందే కట్టేశాంగా, ఆపితే పైసా మిగలదు, ఉండనీ" అన్నాడు. ఇప్పుడు చెప్పండి రాత్రిడ్యూటీ గారూ, ఇందులో బిల్లు చెప్పిందేంటి?

రాత్రిడ్యూటీ:
సరే, ఆపారే అనుకుందాం. మీ మెషిన్ ఆగుతుంది గానీ దాని కిందున్న అసలు సర్వర్ ఆగదుగా. గూగుల్‌లోని బరోసో, హోల్జ్‌లే 2007లోనే చెప్పారు: సర్వర్ ఊరికే కూర్చున్నా, నిండా పనిచేసేటప్పటి కరెంటులో దాదాపు సగం తింటుందని. ఇప్పటివి కొంత నయం. అయినా ఖాళీ అయిన చోటికి వేరేవాళ్ల పని తెచ్చిపెట్టడమో, ఆ సర్వర్‌నే పడుకోబెట్టడమో ఓనరు చేతిలో ఉంది. అమెజాన్ 2022లో తన క్లౌడ్ వాడేవాళ్లకి కార్బన్ లెక్క చూపించడం మొదలుపెట్టినప్పుడు అంకెలు మూడు నెలలు ఆలస్యంగా వచ్చేవి. ఉగాదికి వాడింది ఆషాఢంలో తెలిస్తే ఏం ఆపుతాం?

చల్లగది:
నేను ఓనరు వైపు, డేటా సెంటరు మనిషిని లెండి. మా దగ్గర మీటర్లకి కొదవలేదు, బాధంతా ఏ అంకె చూస్తారన్న దగ్గరే. అందరూ పీయూఈ అడుగుతారు: సెంటరు మొత్తం కరెంటుని సర్వర్లు తినేదానితో భాగిస్తే వచ్చేది, ఎంత తక్కువైతే అంత గొప్ప. ఉదాహరణకి సర్వర్లకి 1000 కిలోవాట్లు, చిల్లర్లూ (చల్లబరిచే యంత్రాలు) యూపీఎస్ నష్టాలూ కలిపి 300 అనుకోండి. పీయూఈ 1.3. ఊరికే తిరిగే సర్వర్లు ఆపి 800కి దించాం. చిల్లర్లు అదే లెక్కన దిగవు కాబట్టి రెండోది 270 దగ్గర ఆగింది. మొత్తమ్మీద 230 కిలోవాట్లు మిగిలాయి. పీయూఈ మాత్రం దాదాపు 1.34కి ఎక్కి కూర్చుంది! రివ్యూలో చీవాట్లు ఎవరికో వేరే చెప్పాలా?

అలాగని కొలతలు దండగ అనను. 2016లో గూగుల్ ఏఐ కంపెనీ డీప్‌మైండ్ వాళ్లు గూగుల్ సెంటర్లలోని వేల సెన్సర్ల రీడింగులు పట్టుకుని చలవకయ్యే కరెంటు 40 శాతం దాకా తగ్గించారు. అక్కడ రీడింగు చూసేదీ, పంపు తిప్పేదీ ఒకే చెయ్యి.

బీచ్‌రోడ్డు:
మా విశాఖలో గిగావాట్ డేటా సెంటరుకి 1,500 కోట్ల డాలర్లు పెడతామని గూగుల్ 2025 అక్టోబరులో ప్రకటించింది. మీ కెప్లర్లు మీరు పెట్టుకోండి గానీ, ఐరోపాలో 500 కిలోవాట్లు దాటిన సెంటర్లు కరెంటు, నీళ్ల లెక్కలు ఏటా అప్పజెప్పాలి. అది ఇక్కడా అడగండి ముందు.

గోదారిగట్టు:
అడుగుదాం. ఈలోగా మా 38 సంగతో?

రాత్రిడ్యూటీ:
కెప్లర్‌కి నేనింకా ఒప్పుకోలేదు. కానీ ఆ "ముందే కట్టేశాం" బాపతు మా దగ్గరెన్ని ఉన్నాయా అని ఇందాక జాబితా తీశాను. పదకొండు తేలాయి. అందులో ఒకటి ఎవరు పెట్టారో ఇప్పుడున్నవాళ్లలో ఎవరికీ తెలీదు.