స్కూలు వార్షికోత్సవం, పదో తరగతి వీడ్కోలు ఫొటోలు: లైట్లు, గ్రూప్ ఫొటో, పోర్ట్రెయిట్ల మీద సలహాలు కావాలి

ప్రశ్న – డిగ్రీ విద్యార్థిని, నల్గొండ జిల్లా

అందరికీ నమస్తే. డిగ్రీ చదువుతూ ఫొటోలు తీస్తుంటాను. నేను చదువుకున్న జిల్లా పరిషత్ హైస్కూల్లో ఫిబ్రవరిలో వార్షికోత్సవం, ఆ తర్వాత పదో తరగతి పిల్లల వీడ్కోలు ఉన్నాయి. రెండింటికీ నన్నే తీయమన్నారు మా సార్లు. వీడ్కోలు రోజున గ్రూప్ ఫొటోతో పాటు ఒక్కొక్కరికి విడిగా పోర్ట్రెయిట్ కూడా కావాలట.

నా దగ్గర కానన్ 1500డి, దాంతో వచ్చిన 18-55 లెన్సు ఉన్నాయి. బావ దగ్గర 50 ఎంఎం ఎఫ్/1.8 ఉంది, అడిగితే ఇస్తాడు. విడిగా ఫ్లాష్ లేదు.

పోయినేడాది సరదాగా తీసినవి మళ్ళీ ముందేసుకుని చూశాను. డాన్సులన్నీ మసకగా ఉన్నాయి. కొన్నింటిలో అడ్డంగా నల్లటి చారలు. ముఖాలు ఒకచోట నీలం, ఇంకోచోట గులాబీ. ఫ్రెండు ఫోన్‌లో తీసినవే నయం అనిపించింది, చెప్పుకోవడానికి బాధగా ఉన్నా.

ఇంకో సందేహం కెమెరాకి సంబంధించింది కాదు. పోయినసారి స్కూలు వాళ్ళు ఆల్బమ్‌కి ఏరుకున్నవి దాదాపు అన్నీ అతిథులవే. శాలువా, బొకే, మెమెంటో, మళ్ళీ శాలువా. పిల్లలేమో "అక్కా, మా కోలాటం ఏది? నేనేదీ?" అని ఇప్పటికీ అడుగుతారు. అసలు ఇలాంటి కార్యక్రమంలో ఎవరి కోసం తీయాలి?

జవాబు – ఫొటో స్టూడియో నడుపుతాను, ఖమ్మం

చెల్లీ, ముందు చారల సంగతి చూద్దాం. మన కరెంటు 50 హెర్ట్జ్. దాని మీద నడిచే ట్యూబులైట్లు, చవకరకం ఎల్ఈడీలు సెకనుకు 100 సార్లు వెలుగు పెరిగి తగ్గుతుంటాయి. కంటికి తెలియదు గానీ కెమెరాకి తెలుస్తుంది. షట్టరు 1/500 (సెకనులో 500వ వంతు సేపు తెరుచుకునేలా) పెట్టావనుకో, సెన్సరు పైభాగానికి వెలుగు ఎక్కువున్న క్షణం, కింది భాగానికి తక్కువున్న క్షణం దొరుకుతాయి. అవే చారలు. 1/100 పెడితే ఒక పూర్తి విడత వెలుగు, 1/50 పెడితే రెండు విడతలు పడతాయి కాబట్టి ఫొటో అంతా సమానంగా వస్తుంది. రంగులు మార్చే పార్ లైట్ల తీరు వేరు. ఒక్కో కంపెనీది ఒక్కోలా మిణుకుతుంది. అందుకని లైట్లు కట్టే సాయంత్రమే వెళ్ళి 1/50, 1/100, 1/160, 1/250 దగ్గర తలా ఒకటి తీసి, తెర మీద పెద్దది చేసి చూడు. శుభ్రంగా వచ్చిన వాటిలో వేగమైనదాన్ని ఆ రాత్రికి ఖాయం చేసుకో.

1/100కి డాన్సు మసకబారదా అంటావు. ఎగిరేటప్పుడు నొక్కితే మసకబారుతుంది. కానీ కూచిపూడిలో జతి చివర పాప భంగిమలో నిలబడుతుంది. కోలాటంలో కర్రలు తగిలే క్షణంలో చేతులు ఆగుతాయి. సినిమా పాటకి చేసినా చరణం మారేచోట ఒక స్టిల్ పెడతారు, డాన్సు మాస్టర్లకి అదో అలవాటు. రిహార్సల్ ఒక్కసారి చూస్తే ఎక్కడ ఆగుతారో నీకే తెలిసిపోతుంది. లెన్సు కొనడానికి డబ్బులు లేనివాళ్ళకి నేను చెప్పేది ఒకటే: రిహార్సల్‌కి వెళ్ళు, టీ ఖర్చుతో పోతుంది.

మీ బావ 50 ఎంఎం మాత్రం తప్పకుండా తెచ్చుకో. ఎఫ్ పక్కన అంకె ఎంత చిన్నదైతే లెన్సు అంత ఎక్కువ తెరుచుకుంటుంది. నీ 18-55 జూమ్ చివర ఎఫ్/5.6 కంటే తెరుచుకోదు. ఎఫ్/1.8 దానికి సుమారు పది రెట్లు వెలుతురు లోపలికి రానిస్తుంది. నేనైతే ఎఫ్/2.2 లేదా 2.5 దగ్గర ఆపుతా, ఫోకస్ కొంచెం అటూఇటూ అయినా ముఖం పోదు. నీ కెమెరాలో తొమ్మిది ఫోకస్ పాయింట్లున్నా చీకట్లో గట్టిగా పట్టేది మధ్యదే. దాన్నే వాడు. ఐఎస్ఓ (వెలుతురుకి కెమెరా స్పందించే స్థాయి) 3200కి భయపడకు. కాస్త గింజలున్న ఫొటోని ఇంట్లో ఫ్రేము కట్టించుకుంటారు, మసకదాన్ని కట్టించుకోరు.

ఎక్స్‌పోజరు మాన్యువల్‌లో పెట్టు. వెనక నల్ల తెర ఉంటే కెమెరా "అమ్మో చీకటి" అనుకుని ముఖాలు తెల్లగా పేల్చేస్తుంది. ముఖానికి సరిపడా ఒకసారి పెట్టుకుని, లైటింగ్ బాగా మారినప్పుడే కదుపు.

రంగులకి మందు కెమెరాలో లేదు, లైటింగ్ అబ్బాయి దగ్గర ఉంది. ముందే పలకరించి, "అన్నా, ముందువైపు నుంచి రెండు తెల్ల లైట్లు సన్నగా వెలిగించి ఉంచు, రంగులు వెనక నుంచి కొట్టు" అని అడుగు. నూటికి తొంభైమంది ఒప్పుకుంటారు, వాళ్ళ స్టేజీ కూడా ఫొటోల్లో బాగా పడుతుంది కదా. రా ఫార్మాట్‌లో (సెన్సరు పట్టినదంతా దాచే ఫైలు) తీస్తే కొంత రంగు వెనక్కి లాగొచ్చు. పూర్తి నీలం లైటు ఒక్కటే పడ్డ ముఖాన్ని మాత్రం ఎవరూ బాగుచేయలేరు, దాన్ని బ్లాక్ అండ్ వైట్ చేసెయ్.

జవాబు – పెళ్ళిళ్ళు తీస్తుంటాను, గుంటూరు

అన్న చెప్పినవి బాగానే ఉన్నాయి గానీ ఒక ఫ్లాష్ అద్దెకి తెచ్చుకుంటే సగం తలనొప్పి పోతుందండి. పైకి తిప్పి కొడితే వెలుతురు మెత్తగా పడుతుంది.

జవాబు – ఫొటో స్టూడియో, ఖమ్మం

తమ్ముడూ, కళ్యాణ మండపంలో అయితే నీ మాటే నిజం, అక్కడ తెల్ల సీలింగు ఉంటుంది. స్కూలు గ్రౌండ్‌లో పైకి కొడితే ఉండేది ఆకాశం, లేకపోతే ఎర్రా పచ్చా షామియానా. షామియానాకి తగిలి వచ్చిన వెలుతురు ముఖానికి ఆ గుడ్డ రంగే పులుముతుంది. కెమెరాలో ఉన్న చిన్న ఫ్లాష్ సంగతి సరేసరి. ఎఫ్/5.6, ఐఎస్ఓ 1600 దగ్గర ఆరేడు మీటర్లు దాటి పోదు. వెనక నుంచి కొడితే ముందు వరసలో కూర్చున్నవాళ్ళ బట్టతలలు మెరుస్తాయి, అంతే. బహుమతుల దగ్గర, అదీ స్టేజీ ఎక్కి దగ్గర్నుంచి తీసేటప్పుడు, నేరుగా తక్కువ పవర్‌లో కొట్టుకోవచ్చు. డాన్సులప్పుడు వద్దు, చిన్నపిల్లలు బెదిరి స్టెప్పు మర్చిపోతారు.

మధ్యలో ఒక సందేహం – ఇంటర్ విద్యార్థి, కర్నూలు

నాది నికాన్ డీ5300. ఓఎల్ఎక్స్‌లో పాత 50 ఎంఎం ఎఫ్/1.8డి చవగ్గా ఉంది. తీసుకోనా?

జవాబు – పెళ్ళిళ్ళు తీస్తుంటాను, గుంటూరు

వద్దు. ఆ డి లెన్సులో మోటారు ఉండదు, నీ బాడీలోనూ ఉండదు. ఫోకస్ చేత్తో తిప్పుకోవాల్సిందే. ఏఎఫ్-ఎస్ అని రాసి ఉన్నదాన్ని (లెన్సులోనే మోటారు ఉంటుంది) చూడు, లేకపోతే 35 ఎంఎం ఎఫ్/1.8 డీఎక్స్. స్కూలు స్టేజీకి దగ్గరగా నిలబడేవాళ్ళకి 35 ఇంకా సౌకర్యం.

జవాబు – ప్రభుత్వ పాఠశాలలో తెలుగు ఉపాధ్యాయురాలు

అమ్మా, నీ చివరి ప్రశ్నకి నేను చెబుతాను. ప్రతి ఏడాదీ ఈ కార్యక్రమాలు నడిపేది మేమే కదా.

అతిథుల ఫొటోలు మాకు నిజంగానే కావాలి. పేపర్‌లో వార్తకి ఒకటి పంపాలి, నోటీసు బోర్డులో పెట్టాలి, గదికి ఫ్యాన్లిచ్చిన దాతకి ఒకటి ఇవ్వాలి. అయితే దానికి అరగంట చాలు. జ్యోతి ప్రజ్వలన, వేదిక మీద అందరూ కూర్చున్నది, ఒక్కొక్కరికి శాలువా కప్పుతున్నది. ఈ మూడూ అయ్యాక స్టేజీ దిగిపో. ఉపన్యాసాలప్పుడు ఒక్కొక్కరిది ఒకటి తీస్తే చాలు, మైకు ముఖానికి అడ్డం రాకుండా పక్క నుంచి.

రెండు రోజుల ముందే హెచ్.ఎం. గారినడిగి కార్యక్రమాల పట్టిక తీసుకో. ప్రతి ఐటమ్ పక్కనా ఏ తరగతి, ఎంతమంది పిల్లలు, ఎవరు నేర్పించారు అన్నది రాసుకో. ఒక్కో ఐటమ్‌కి ముందు మొత్తం స్టేజీ పట్టేలా ఒకటి తీయి, ఆ తర్వాత లెన్సు మార్చి పిల్లల ముఖాలు. చివరి వరసలో నిలబడ్డ పిల్లవాడితో మొదలుపెట్టి ముందుకి రా. ముందు వరసలో ఉన్నవాళ్ళు ఎలాగూ పడతారు. వెనకవాడి వాళ్ళమ్మ కూలికెళ్ళి ఆ రోజు రాలేకపోయి ఉండొచ్చు, వాడి డాన్సు ఆమె చూసేది నీ ఫొటోలోనే.

బహుమతులప్పుడు యాంకర్‌గా ఉన్న టీచర్‌కి ముందే చెప్పు: పేరు పిలిచి, బహుమతి ఇచ్చాక, ఒక్క క్షణం ఇద్దరినీ కెమెరా వైపు చూడమనాలి. మా దగ్గర పిల్లలు షీల్డు అందుకుని పరిగెత్తుతారు. అతిథి గారేమో అప్పటికే తర్వాతి షీల్డు వైపు తిరిగి ఉంటారు.

ఇంకొక విషయం మాత్రం గట్టిగా చెప్పాలి. పిల్లల ఫొటోలు నీ ఇన్‌స్టాగ్రామ్‌లో పెట్టేముందు ఆగు. ఆడపిల్లల ఫొటోలు ఎవరో స్టేటస్‌లో పెడితే తల్లిదండ్రులు బడికొచ్చి గొడవపడ్డ రోజులు చూశాను. 2023లో వచ్చిన డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం 18 ఏళ్ళు నిండని అందరినీ పిల్లలుగానే లెక్కేస్తుంది, వాళ్ళ సమాచారం వాడుకోవాలంటే తల్లిదండ్రుల సమ్మతి అడుగుతుంది. నీ దాకా ఎంతవరకు వర్తిస్తుందో లాయర్లు చెప్పాలి గానీ, అనుమతి కాగితం మీద తీసుకోవడంలో నీకు పోయేదేమీ లేదు. స్కూలు తరఫున డైరీలో ఒక చీటీ రాయించి సంతకాలు తెప్పించమను.

జవాబు – ఫైన్ ఆర్ట్స్‌లో ఫొటోగ్రఫీ చదివాను, హైదరాబాద్

పోర్ట్రెయిట్ల గురించి ఎవరూ రాయలేదు కాబట్టి నేను రాస్తున్నా.

జడ్పీ స్కూళ్ళకి ఉండే వరండా కంటే మంచి స్టూడియో లేదు. పిల్లవాడిని వరండా అంచుకి ఒక అడుగు లోపల, బయటికి చూసేలా నిలబెట్టు. పైన కప్పు ఉంటుంది కాబట్టి కళ్ళ కింద నీడలు పడవు, ఎదురుగా ఉన్న ఆకాశం నుంచి మెత్తటి వెలుతురు వస్తుంది. వెనక గోడకి ఎంత దూరం ఉంటే అంత మంచిది. 50 ఎంఎం, ఎఫ్/2.8, కెమెరా కళ్ళ ఎత్తులో. ఉదయం పదిలోపు ముగించు.

తెల్ల యూనిఫాం చొక్కా ఉన్నచోట కెమెరా మోసపోయి ముఖాన్ని చీకటి చేస్తుంది. ఎక్స్‌పోజరు మూడింట రెండు వంతుల స్టాపు పెంచు (ఒక స్టాపు అంటే వెలుతురు రెట్టింపు). కళ్ళద్దాల్లో వరండా మెరుస్తుంటే గడ్డం కాస్త దించమను, లేదా అద్దాల కాడల్ని చెవుల మీద కొంచెం పైకి లేపు. తీసెయ్యమనకు, రోజూ అద్దాలతో కనిపించే పిల్ల అవి లేకుండా ఫొటోలో ఇంకెవరోలా ఉంటుంది.

"అక్కా, తెల్లగా చెయ్యవా" అని తప్పకుండా అడుగుతారు. మన స్టూడియోలు ఏళ్ళ తరబడి చేసి పెట్టిన అలవాటు అది. నా మాట: చెయ్యకు. చామనఛాయ ముఖం మీద సరైన వెలుతురు పడితే ఆ మెరుపే వేరు, అది చూపిస్తే వాళ్ళే మెచ్చుకుంటారు. మొటిమ ఒకటి తీసెయ్, మూడు వారాల్లో ఎలాగూ పోతుంది. రంగు జోలికి వెళ్ళకు.

అబ్బాయిలు బిగుసుకుంటే రెండు ఫొటోలు తీస్తానని చెప్పు, ఒకటి "పరీక్ష ఫొటో", ఒకటి "నీ ఇష్టం". రెండోదే బాగుంటుంది. అమ్మాయిలకి పక్కన స్నేహితురాలిని నిలబడనివ్వు. నువ్వు అమ్మాయివి కావడం ఇక్కడ నీకు పెద్ద బలం. నిజాం ఆస్థాన ఫొటోగ్రాఫర్ రాజా దీన్ దయాళ్ అంతటివారు 1892లో హైదరాబాద్‌లో ఆడవాళ్ళ కోసం విడిగా జెనానా స్టూడియో పెట్టి, ఫొటోలు తీయడానికి కూడా మహిళనే పెట్టుకున్నారు. మా ఊళ్ళలో ఇప్పటికీ ఆ అవసరం ఉంది.

ఆ "పరీక్ష ఫొటో"ని నిజంగానే పనికొచ్చేలా తీయి. తెల్ల గోడ ముందు, రెండు చెవులూ కనిపిస్తూ, ముఖం ఫ్రేములో ఎక్కువ భాగం నింపుతూ. ఎన్‌టీఏ (నీట్, జేఈఈ మెయిన్ లాంటివి పెట్టే జాతీయ సంస్థ) పరీక్షల దరఖాస్తులకి అడిగేది ఇలాంటిదే. పదో తరగతి అయ్యాక ప్రతి అప్లికేషన్‌కీ స్టూడియోకి పరిగెత్తే పని తప్పుతుంది.

గ్రూప్ ఫొటోకి క్లుప్తంగా: బిల్డింగు నీడలో, మూడు వరసలు, టీచర్లు మధ్య కుర్చీల్లో, ఎఫ్/8. లెన్సు 18 దగ్గర పెడితే చివర నిలబడ్డవాళ్ళ ముఖాలు సాగుతాయి. వెనక్కి నడిచి 35 దగ్గర తీయి. అందరినీ కళ్ళు మూసుకోమని, మూడు అనగానే తెరవమను. అయినా ఎవరో ఒకరు మూస్తారు, కాబట్టి ఎనిమిదో పదో నొక్కు.

మళ్ళీ ప్రశ్న అడిగిన అమ్మాయి

అందరికీ చాలా చాలా థాంక్స్. నిన్న రిహార్సల్‌కి వెళ్ళాను. పోయినేడాది లైట్లు కట్టినవాళ్ళే మళ్ళీ వచ్చారు. టెస్ట్ చేస్తే 1/250లో చారలు, 1/100లో శుభ్రంగా. తెల్ల లైట్ల గురించి అడిగితే "రెండెందుకు మేడం, నాలుగు పెడతా" అన్నాడు ఆ అన్న. కోలాటం పిల్లలు ఎక్కడ ఆగుతారో పట్టిక పక్కనే రాసుకున్నా. యాంకరింగ్ మేడంతోనూ మాట్లాడాను.

తీస్తుంటే ఒకటి గమనించాను. వెనక వరస నుంచి మొదలుపెడితే పిల్లలు నన్ను చూసే తీరే మారింది. ముందున్నవాళ్ళు కెమెరా కోసం నవ్వుతారు. వెనకవాళ్ళు డాన్సులో నిజంగా మునిగి ఉంటారు, వాళ్ళని ఎవరూ తీయరని వాళ్ళకి తెలుసు కాబట్టి. నిన్నటి వాటిలో నాకు నచ్చినవన్నీ అక్కడివే.

చివరగా ఒకటి. స్కూలు వాళ్ళు కొంత డబ్బు ఇస్తామన్నారు. తీసుకుంటే ఆ ఫొటోలు నా పోర్ట్‌ఫోలియోలో పెట్టుకోవచ్చా?

జవాబు – ఫొటో స్టూడియో, ఖమ్మం

మంచి ప్రశ్న, మాలో చాలామందికే తెలియదు. 1957 కాపీరైట్ చట్టం 17వ సెక్షన్ ప్రకారం ఒకరు డబ్బిచ్చి తీయించుకున్న ఫొటోకి, వేరే ఒప్పందం లేకపోతే, మొదటి హక్కుదారు తీయించుకున్నవాళ్ళే. నువ్వు ఊరికే తీసిస్తే హక్కు నీదే. డబ్బు తీసుకో, కష్టపడుతున్నావు, మొహమాటం వద్దు. "ఎంపిక చేసిన ఫొటోలు నా పని నమూనాగా చూపించుకుంటాను" అని ఒక కాగితం మీద రాసి హెచ్.ఎం. గారితో సంతకం పెట్టించుకో. అది స్కూలుతో నీ లెక్క. పిల్లల ముఖాలకి మేడం చెప్పిన అనుమతి చీటీ వేరే ఉండాలి.

ఇచ్చేటప్పుడు వాట్సాప్‌లో ఫొటోగా పంపకు, కుదించేస్తుంది. డాక్యుమెంట్‌గా పంపు, లేదా డ్రైవ్ లింకు హెచ్.ఎం. గారికి మాత్రమే ఇవ్వు. పోర్ట్రెయిట్ ఫైళ్ళకి పిల్లల రోల్ నంబర్లు పేర్లుగా పెట్టు. తీసేటప్పుడే ప్రతి పిల్లవాడికి ముందు రోల్ నంబరు రాసిన పలక ఒకసారి ఫొటో తీసుకుంటే తర్వాత వెతుక్కోనక్కర్లేదు.

ఉపాధ్యాయురాలు

పలక మా స్టాఫ్ రూంలో కూడా లేదిప్పుడు, అట్టముక్క తీసుకెళ్ళమ్మా. హాజరు పట్టీ ఒక జిరాక్స్ కూడా అడుగు, ఆ రోజు రానివాళ్ళెవరో టిక్కు పెట్టుకుంటే హాల్ టికెట్లకి వచ్చినప్పుడు వాళ్ళవి తీయొచ్చు.