24 సర్వోల చెక్క పలకల గోడ: ఎవరూ లేకపోయినా వణుకుతోంది, ఎవరైనా వస్తే ఎగిరిపడుతోంది

ప్రశ్న: చెక్కపలక (ఇక్కడి పేర్లన్నీ సభ్యులు పెట్టుకున్న మారుపేర్లు)

గోడకు తగిలించే బొమ్మ ఇది. 6 నిలువు వరుసలు, ఒక్కోదానిలో 4 పలకలు. ఒక్కో పలక 12 × 12 సెం.మీ., 5 మి.మీ. ఎండీఎఫ్ (చెక్క పొడిని నొక్కి చేసిన పలక). పై అంచు నేరుగా ఎస్‌జీ90 సర్వో (చెప్పిన కోణానికి తిరిగి ఆగే చిన్న మోటార్) హార్న్‌కి, అంటే దాని ఇరుసు మీది చేతికి, బిగించి ఉంది. ముందు నుంచి మనిషి నడిచి వెళ్తే పలకలు ఆ వైపుగా అలలా లేవాలి.

ఆర్డుయినో ఊనో (ప్రోగ్రాం నడిపే కంట్రోలర్ బోర్డు), రెండు పీసీఏ9685 బోర్డులు (ఒకేసారి చాలా సర్వోలకు ఆదేశాలు పంపేవి), 5 వోల్టుల 3 ఆంపియర్ల అడాప్టర్ ఒకటి, కింద మూడు హెచ్‌సీ-ఎస్‌ఆర్04 అల్ట్రాసోనిక్ సెన్సర్లు (ప్రతిధ్వనితో దూరం కొలిచేవి) వాడాను.

ఇబ్బందులు: అన్ని పలకలూ ఒకేసారి కదిలితే ఊనో రీసెట్ అవుతోంది. ఎదురుగా ఎవరూ లేకపోయినా కొన్ని పలకలు వణుకుతూ గీపెడుతున్నాయి. మనిషి వస్తే అల కాదు, కుదుపు వస్తోంది. ఇద్దరు నిలబడితే పలకలు ఇటూ అటూ ఊగిసలాడుతున్నాయి. ఆన్ చేయగానే 24 పలకలూ ఒక్కసారిగా కొట్టుకుంటున్నాయి. ఎక్కడ మొదలుపెట్టాలి?

జవాబు: వోల్ట్‌మీటర్

వణుకు అన్నది ఒక్కటే జబ్బు కాదండీ. ముందు సెన్సర్లు మూడూ పీకేసి, అన్ని ఛానళ్లకూ (ఒక్కో సర్వో తగిలించే చోటుకూ) మారని 1500 మైక్రోసెకన్ల పల్స్, అంటే సర్వోని మధ్యలో నిలబెట్టే సంకేతం, పంపండి. అప్పటికీ వణికితే తప్పు పవర్‌లోనో గ్రౌండ్‌లోనో ఉంది. ఆగిపోతే సెన్సర్ అంకెలే పలకల్ని వణికిస్తున్నాయి. మీకు రెండూ ఉన్నాయనే అనుకుంటున్నాను, రీసెట్ మాత్రం కచ్చితంగా పవర్ వల్లే.

ఎస్‌జీ90 ఊరికే ఉన్నప్పుడు తీసుకునే కరెంటు చాలా తక్కువ. కానీ ఆగి ఉన్న మోటార్ కదలడం మొదలుపెట్టే క్షణాన అడ్డుపడి ఆగిపోయిన మోటార్‌తో సమానం, ఇంచుమించు 0.7 ఆంపియర్లు లాగుతుంది. 24 సర్వోలకూ ఒకే 20 మిల్లీసెకన్లలో ఆదేశం వెళ్తే 24 × 0.7, అంటే దాదాపు 17 ఆంపియర్లు. 3 ఆంపియర్ల అడాప్టర్ అక్కడే చతికిలబడుతుంది.

5 వోల్టుల 20 ఆంపియర్ల సప్లై ఒకటి పెట్టండి. బోర్డులు రెండు కాదు, మూడు వాడండి, బోర్డుకు 8 సర్వోలు. ఒక్కో బోర్డుకూ సప్లై దగ్గర నుంచే విడిగా 1.5 చదరపు మి.మీ. తీగల జత, మధ్యలో 7.5 ఆంపియర్ల ఫ్యూజు ఉండాలి. ఒక బోర్డు నుంచి ఇంకో బోర్డుకు పవర్ గొలుసు కట్టొద్దు, ఆ సన్నని రాగి గీతలు అంత కరెంటు మోయలేవు. ప్రతి బోర్డు మీదా 1000 మైక్రోఫారడ్ల, 16 వోల్టుల కెపాసిటర్ వేయండి, ప్లస్ మైనస్ చూసుకుని. కంట్రోలర్‌కి వేరే పవర్, గ్రౌండ్ మాత్రం అన్నిటికీ ఒకటే. మామూలు మల్టీమీటర్ వోల్టేజీ ఇలా పడిపోవడాన్ని చూపించదు, ఎందుకంటే అది కొన్ని మిల్లీసెకన్లలో జరిగిపోతుంది. ఆసిలోస్కోప్ (వోల్టేజీ మార్పును తెర మీద గీసి చూపే పరికరం) గానీ, కనిష్ఠ విలువను వేగంగా పట్టే మీటర్ గానీ కావాలి. కొలిచేది సప్లై దగ్గర కాదు, చిట్టచివరి సర్వో దగ్గర.

ఆన్ చేయగానే కొట్టుకోవడం గురించి: పీసీఏ9685 మీద ఓఈ అనే పిన్ ఉంటుంది. అది హైలో (వోల్టేజీ ఉన్న స్థితిలో) ఉన్నంతసేపూ పల్సులు బయటికి రావు. చాలా బోర్డుల్లో దాన్ని 10 కిలోఓమ్‌ల రెసిస్టర్‌తో కిందికి, అంటే గ్రౌండ్ వైపుకు, లాగి ఉంచుతారు. మీరు పైకి లాగడానికి ఇంకో 10 కిలోఓమ్‌లు వేస్తే వోల్టేజీ సగంలో వేలాడుతుంది. 1 కిలోఓమ్ వేయండి. ప్రోగ్రాం సిద్ధమయ్యాక ఓఈని లో చేసి, ఛానళ్లను 80 మిల్లీసెకన్ల ఎడంతో ఒక్కొక్కటిగా లేపండి. మొదటి పల్స్‌కి సర్వో దూకడం పూర్తిగా పోదు, ఎందుకంటే పలక ఎక్కడుందో అది మీకు చెప్పదు. అందుకని ఆపే ముందు పలకలన్నిటినీ మధ్యకు తెచ్చి ఆపండి.

ఇంకొకటి. ఆ చిప్‌లోని గడియారం 25 మెగాహెర్ట్జ్ అని రాసి ఉన్నా బోర్డుకీ బోర్డుకీ తేడా ఉంటుంది. అదే అంకె పంపినా మూడో బోర్డు పలకలు రెండు మూడు డిగ్రీలు పక్కకు నిలబడితే సర్వోని తిట్టకండి. పల్స్ కొలిచి ఆ బోర్డు గడియారం విలువను ప్రోగ్రాంలో సరిచేయండి.

జవాబు: నీడచూపు

పవర్ సంగతి పైన వచ్చేసింది కాబట్టి సెన్సర్ చెబుతాను.

మనుషుల కదలికకు హెచ్‌సీ-ఎస్‌ఆర్04 మంచి ఎంపిక కాదు. మెత్తని బట్టలు శబ్దాన్ని మింగేస్తాయి, ఏటవాలుగా నిలబడిన భుజం దాన్ని పక్కకు తోసేస్తుంది. ఒకదాని ప్రతిధ్వని ఇంకొకటి వింటుంది. అది జరగకుండా ఒక్కొక్కదాన్నే 60 మిల్లీసెకన్ల ఎడంతో పేలిస్తే మూడూ పూర్తయ్యేసరికి 180 మిల్లీసెకన్లు. అంత ఆలస్యమైతే పలక తనను గమనించిందన్న భావం మనిషికి కలగదు. పైగా పల్స్‌ఇన్‌కి (ప్రతిధ్వని కోసం ఎదురుచూసే ఆర్డుయినో ఆదేశానికి) గడువు ఇవ్వకపోతే ప్రతిధ్వని రానప్పుడల్లా ప్రోగ్రాం 1 సెకను ఆగిపోతుంది. మీ కుదుపుల్లో కొన్ని దీనివల్లే. తాత్కాలికంగా 25,000 మైక్రోసెకన్ల గడువు ఇవ్వండి, 4 మీటర్లకు సరిపోతుంది.

పీఐఆర్ (ఒంటి వేడిని పసిగట్టే సెన్సర్) జోలికి వెళ్లొద్దు. వేడి కదిలిందని చెబుతుందే తప్ప ఎక్కడుందో చెప్పదు, కదలకుండా నిలబడితే మర్చిపోతుంది.

మీ కొలతలకు వీఎల్53ఎల్5సీఎక్స్ అనే లేజర్ దూరం సెన్సర్ ఒక్కటి సరిపోతుంది. 8 × 8 గడుల్లో దూరం ఇస్తుంది, అడ్డంగా 45 డిగ్రీలు చూస్తుంది. 1 మీటరు దూరంలో అది దాదాపు 83 సెం.మీ. వెడల్పు, అంటే మీ గోడ వెడల్పే. 8 × 8లో సెకనుకు 15 సార్లే కొలుస్తుంది. అది చాలు, మధ్యలోని ఖాళీని కదలిక లెక్క పూడ్చుకుంటుంది. ఇక్కడే చాలామంది బోల్తా పడతారు: ఆన్ చేసిన ప్రతిసారీ ఈ సెన్సర్‌లోకి 80 కేబీకి పైగా ఫర్మ్‌వేర్ (దాన్ని నడిపే ప్రోగ్రాం) ఎక్కించాలి. ఊనోలో ప్రోగ్రాంకి ఉన్న చోటే 32 కేబీ, కాబట్టి ఈఎస్‌పీ32కి (ఎక్కువ మెమరీ ఉన్న కంట్రోలర్‌కి) మారక తప్పదు. మారినప్పుడు పీసీఏ9685 లాజిక్ పిన్‌కి 3.3 వోల్టులు, సర్వోల పిన్‌కి 5 వోల్టులు ఇవ్వండి.

ఎవరూ లేనప్పుడు 2 సెకన్ల పాటు 64 గడుల సగటు తీసి దాచుకోండి. ఏ గడిలోనైనా దాచిన దూరం కంటే 15 సెం.మీ. దగ్గరగా ఏదైనా వస్తేనే మనిషి అనుకోండి. ఆ మనిషి వెళ్లిపోయాడని ఒప్పుకోవడానికి గీత 10 సెం.మీ. దగ్గర ఉండాలి. రెండింటికీ ఒకే గీత పెడితే, సరిగ్గా ఆ గీత మీద నిలబడ్డ మనిషికి పలకలు టకటకలాడతాయి. స్టేటస్ (కొలత నమ్మదగినదో కాదో సెన్సర్ చెప్పే అంకె) 5 గానీ 9 గానీ లేని గడులను పారేయండి.

ఇద్దరు మనుషుల గొడవ సెన్సర్‌ది కాదు. మీరు అందరినీ కలిపి ఒకే కేంద్రం లెక్కగడుతున్నట్టున్నారు. ఎడమన ఒకరు, కుడిన ఒకరు ఉంటే కేంద్రం ఎవరూ లేని మధ్యలో పడుతుంది, ఒకరు చెయ్యి కదిపినా అటూ ఇటూ గెంతుతుంది. కేంద్రాన్ని వదిలేయండి. ప్రతి నిలువు వరుస తన ఎదురుగా ఉన్న అతి దగ్గరి దూరాన్ని మాత్రమే చూసుకోవాలి. ఇద్దరొస్తే రెండు అలలు వస్తాయి.

ఎండ నేరుగా పడే చోట ఈ సెన్సర్ చూపు బాగా తగ్గిపోతుంది. ముందు మామూలు గాజు పెడితే ఆ గాజునే మనిషి అనుకునే ప్రమాదమూ ఉంది.

జవాబు: ఇరుసుమేస్త్రి

పై అంచుకు సర్వో బిగించడం అసలు తప్పు. మీ పలక బరువు సుమారు 54 గ్రాములు ఉంటుంది, బరువు కేంద్రం ఇరుసుకు 6 సెం.మీ. దూరంలో ఉంది. పలక అడ్డంగా లేస్తే 0.32 కేజీ-సెం.మీ. భారాన్ని సర్వో ఊపిరి బిగబట్టి మోస్తూనే ఉండాలి, ఆ గీపెట్టుడు చాలావరకు అదే. ఇరుసును పలక మధ్యకు తెండి. భారం సున్నా అవుతుంది, తిప్పడానికి అడ్డొచ్చే జడత్వం నాలుగో వంతుకు పడిపోతుంది. 3 మి.మీ. ప్లైవుడ్‌కి మారితే బరువు సగానికి సగం తగ్గుతుంది.

పలకను సర్వో మీద వేలాడదీయకుండా దాని సొంత ఇరుసు మీద, రెండు పక్కలా 3 మి.మీ. ఉక్కు పిన్నుల మీద నిలబెట్టండి. సర్వో వెనక నుంచి సన్న కడ్డీతో నెట్టాలి. హార్న్‌లో 8 మి.మీ. దగ్గర రంధ్రం, పలక వెనక 20 మి.మీ. చెయ్యి. సర్వో ఇటూ అటూ 60 డిగ్రీలు తిరిగితే పలక 20 డిగ్రీలు వంగుతుంది. సర్వోకు దాదాపు 1 డిగ్రీ కన్నా చిన్న మార్పు తెలియదు, ఈ లంకెతో మధ్య దగ్గర ఆ లోపం పలక మీద 0.4 డిగ్రీలకు తగ్గుతుంది.

20 డిగ్రీలు తక్కువని అనిపిస్తే దీపాన్ని ఎదురుగా కాకుండా పైన పెట్టి చూడండి. డేనియల్ రోజిన్ 1999లో చేసిన చెక్క అద్దంలో 830 చెక్క ముక్కలు ఉన్నాయి. అందులో బొమ్మ కనబడేది ముక్కలు వంగినప్పుడు వాటి మీద పడే వెలుగు మారడం వల్లే. పలకని 90 డిగ్రీలు ఊపడం కంటే వెలుగును సరిగ్గా పెట్టడమే ఎక్కువ పని చేస్తుంది.

ఇక కుదుపు. సెన్సర్ అంకెను నేరుగా సర్వోకు పంపొద్దు, అది గమ్యం మాత్రమే. ప్రతి పలకకూ ఒక స్థానం, ఒక వేగం ఉంచుకుని ప్రతి 20 మిల్లీసెకన్లకు ఇలా లెక్కించండి:

వేగం = వేగం + (40 × (గమ్యం − స్థానం) − 9 × వేగం) × 0.02
స్థానం = స్థానం + వేగం × 0.02

40 అనేది స్ప్రింగు బిగువు, 9 అనేది అడ్డుకునే బలం. 9 ఉంటే పలక గమ్యాన్ని కొద్దిగా దాటి వెనక్కి వస్తుంది, ప్రాణం ఉన్నట్టుంటుంది. 12.6 దగ్గర దాటడం పూర్తిగా ఆగిపోతుంది, చూడ్డానికి తలుపు మూసే యంత్రంలా చప్పగా తోస్తుంది. 4కి దిగితే జెల్లీ. వేగానికి సెకనుకు 180 డిగ్రీల హద్దు పెట్టండి. ఒక్కో వరుసకు గమ్యాన్ని పక్క వరుస కంటే 40 మిల్లీసెకన్లు ఆలస్యంగా ఇస్తే అల వస్తుంది, ఆరంభపు కరెంటు కూడా ఒకేసారి పడదు.

చెక్కపలక

1500 పల్స్ పరీక్ష చేశాను. సెన్సర్లు తీసేస్తే 24లో 19 నిశ్శబ్దం. మిగతా 5 రెండో బోర్డు చివర ఉన్నవే. మధ్య ఇరుసుతో ఒక వరుస చేసి చూస్తాను. ఎవరూ లేనప్పుడు పలకలు మెల్లగా ఊపిరి పీల్చుకున్నట్టు కదలాలంటే? పిల్లలు చేత్తో తోస్తే సర్వో గేర్ల పళ్లు విరగవా?

ఇరుసుమేస్త్రి

ఆ 5 చివరి తీగలో పడిపోతున్న వోల్టేజీకి ఆనవాలు.

అన్నిటినీ కలిపి నెమ్మదిగా ఊపితే చిన్న చిన్న మెట్లుగా కనిపిస్తుంది, సర్వో అంత సున్నితంగా కదలలేదు. ఒకసారికి ఒక్క పలక మాత్రమే 6 డిగ్రీలు లేచి దిగాలి, కాసేపటికి ఇంకోచోట ఇంకొకటి. మిగతావాటికి 2 సెకన్లు కదలిక లేకపోతే పల్స్ ఆపేయండి. బరువు మధ్యలో ఉంది కాబట్టి పడిపోవు, గోల కూడా ఉండదు.

చేత్తో తోస్తే ఎస్‌జీ90 ప్లాస్టిక్ పళ్లు తప్పకుండా విరుగుతాయి. ఎంజీ90ఎస్‌లో (అదే సైజు ఇంకో సర్వో) లోహపు పళ్లున్నా అదీ శాశ్వతం కాదు. కడ్డీ చివర 6 మి.మీ. ఉక్కు గోళీ అతికించి, పలక వెనక రింగు అయస్కాంతం పెట్టండి. గోళీ అయస్కాంతం గుంటలో కూర్చుని కీలులా తిరుగుతుంది. గట్టిగా తోస్తే ఊడి పక్కకు వస్తుంది, మళ్లీ చేత్తో తగిలిస్తే సరి. మెల్లగా తోసినా ఊడకపోతే ఇంకా చిన్న అయస్కాంతం పెట్టండి, నడుస్తుండగా దానంతటదే ఊడితే వేగం హద్దు తగ్గించండి.