ఎనిమిది డిస్కులు: రెయిడ్ 5తో పాటు హాట్ స్పేర్ ఉంచాలా, రెయిడ్ 6 పెట్టాలా?

కొత్తసర్వర్:
మా డయాగ్నొస్టిక్ కేంద్రంలో స్కాన్ చిత్రాలు దాచడానికి ఎనిమిది బేల (డిస్కులు పెట్టే అరల) సర్వర్ కొన్నాము. అన్నీ 8 టీబీ సాస్ (సర్వర్లలో వాడే రకం) డిస్కులే. ఏడింటితో రెయిడ్ 5 (ఒక డిస్కంత చోటు రక్షణకు వాడి, ఒకటి పోయినా డేటా నిలిపే అమరిక) పెట్టి ఎనిమిదోదాన్ని హాట్ స్పేర్‌గా (ఏదైనా పోతే దాని స్థానంలోకి వెంటనే వచ్చే ఖాళీ డిస్కుగా) ఉంచమని అమ్మినవారు చెప్పారు. ఎనిమిదింటితోనూ రెయిడ్ 6 (రెండు డిస్కులంత చోటు వాడి, రెండు పోయినా డేటా నిలిపేది) పెట్టమని మిత్రుడు అంటున్నాడు. ఎలా చేసినా వాడుకునే చోటు 48 టీబీయే. అనుభవమున్నవారు సలహా ఇవ్వగలరు.

డిస్కుకాపరి:
రెయిడ్ 6 పెట్టండి. రెయిడ్ 5లో ఒక డిస్కు పోయిన క్షణం నుంచి స్పేర్ మీదికి రీబిల్డ్ (పోయిన డిస్కులోని డేటాను మళ్లీ కూర్చి రాయడం) ముగిసేదాకా మీ డేటాకు రక్షణ ఉండదు. సెకనుకు 150 ఎంబీ వేగంతో ఆగకుండా నడిచినా 8 టీబీ నిండటానికి దాదాపు 15 గంటలు పడుతుంది. మధ్యలో కేంద్రం పని కూడా సాగుతుంది కనుక ఇంకా ఆలస్యమవుతుంది. ఆ సమయంలో మిగిలిన ఆరు డిస్కులలోని 48 టీబీని తప్పు లేకుండా చదవాలి. చదవలేని సెక్టార్ (డిస్కులోని చిన్న భాగం) ఒక్కటి తగిలినా, అక్కడి డేటాను తిరిగి లెక్కగట్టడానికి రెండో ప్యారిటీ (పోయిన డేటాను లెక్కగట్టడానికి దాచే అదనపు సమాచారం) ఉండదు.

రాత్రిడ్యూటీ:
చిన్న రాత ఒక్కదానికి రెయిడ్ 5లో నాలుగు ఐఓలు (డిస్కు మీద చదవడాలు, రాయడాలు) అయితే రెయిడ్ 6లో ఆరు. ఆ సంగతి మీరు చెప్పలేదు.

డిస్కుకాపరి:
స్కాన్ చిత్రాలు పెద్ద ఫైళ్లు, వరుసగా రాసేవి. స్ట్రైప్ (డిస్కులన్నిటి మీదా పరిచే ఒక వరుస) మొత్తాన్ని ఒకేసారి రాసినప్పుడు పాత డేటానూ పాత ప్యారిటీనీ చదవనక్కరలేదు. కంట్రోలర్‌లో (డిస్కులను నడిపే కార్డులో) బ్యాటరీ ఉన్న రైట్ క్యాష్ (రాతలను ముందు పట్టి ఉంచే మెమరీ) ఉంటే తేడా ఇంకా తగ్గుతుంది.

రాత్రిడ్యూటీ:
ఎంత చెప్పినా ఆరు నాలుగు కాదు. రెయిడ్ 6 మీద బిల్లింగ్ డేటాబేస్ పెట్టిన చోట పనిచేసి, నెలాఖరున పడిన అవస్థను కళ్లారా చూశాను. పైగా మీ పద్ధతిలో స్పేర్ లేదు. మరుసటి పనిదినానికే డిస్కు ఇస్తామని ఒప్పందంలో రాసిచ్చిన సరఫరాదారు మాకు వారం దాటాక పంపాడు.

పాతబ్యాకప్:
ఏది పెట్టినా బ్యాకప్ విడిగా, వేరే చోట ఉండాలి.

డిస్కుకాపరి:
ఒక డిస్కు పోయిన రెయిడ్ 6కు ఇంకొక డిస్కు పోయినా తట్టుకునే శక్తి మిగిలే ఉంటుంది. అన్నీ బాగున్న రోజున మీ రెయిడ్ 5కు ఉన్న బలం అంతే. ఇదే మాట రెండోసారి చెప్పవలసి వస్తోంది. రాసింది చదివి జవాబివ్వండి.

రాత్రిడ్యూటీ:
చదివే రాస్తున్నాను. మీరు కూర్చున్నచోట కూర్చుని లెక్కలు చెబుతున్నారు. అర్ధరాత్రి ఫోన్ ఎత్తి, మనిషి లేని ఊళ్లో సర్వర్‌ను కాపాడవలసింది మాబోటివాళ్లం. స్పేర్ ఉంటే ఎవరూ రాకపోయినా కంట్రోలరే రీబిల్డ్ మొదలుపెడుతుంది. కొత్తసర్వర్ గారూ, మీ దగ్గర డిస్కు మార్చేదెవరు?

కొత్తసర్వర్:
ఐటీ మనిషి ఎవరూ లేరండీ. స్కాన్ టెక్నీషియన్ మార్చగలడేమో.

రాత్రిడ్యూటీ:
నా భయమంతా అక్కడే. పోయిన డిస్కును వదిలేసి పక్కనున్న మంచి డిస్కును లాగినవారిని చూశాను.

డిస్కుకాపరి:
ఈ మాట మొదటే చెప్పి ఉంటే ఇంత వాదన అవసరమయ్యేది కాదు. స్పేర్ మీదికి రీబిల్డ్ సాగుతుండగా మంచి డిస్కును లాగితే రెయిడ్ 5 అక్కడికక్కడే ఆగిపోతుంది, రెయిడ్ 6 నిలబడుతుంది. మనిషి మీద నమ్మకం లేకపోతే ఏడింటితో రెయిడ్ 6 పెట్టి ఎనిమిదోదాన్ని స్పేర్‌గా ఉంచండి. చోటు 40 టీబీకి తగ్గుతుంది.

రాత్రిడ్యూటీ:
ఆ 8 టీబీ వదులుకోవడానికి ఆయన సిద్ధపడితే నాకు అభ్యంతరం లేదు. చిన్న రాతల విషయంలో మాత్రం నా మాట మారదు. ఆ అర్రే (కలిపి పెట్టిన డిస్కుల సమూహం) మీద డేటాబేస్ పెట్టవద్దు.

కొత్తసర్వర్:
డేటాబేస్ వేరే ఎస్ఎస్‌డీల జత మీద ఉంది. 40 టీబీ మాకు ఎంతకాలం సరిపోతుందో లెక్క వేసి రేపు రాస్తాను.